వాగు పక్క పచ్చికబయలులో ఏడు కుటుంబాల మకాం: ఎక్కడ, ఎప్పుడు, ఎలా?

గోదారిగట్టు | ఏప్రిల్ 6

అందరికీ నమస్కారం. మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒకే వీధిలో ఉంటున్న ఏడు తెలుగు కుటుంబాలం. పిల్లలతో కలిపి 26 మందిమి. ఈ వేసవిలో రెండు రాత్రులు అడవిలో మకాం పెట్టాలని అనుకుంటున్నాం. ఇంతకుముందు జాతీయ పార్కుల్లో క్యాంపులకు వెళ్ళాం గానీ, అక్కడ టెంటుకు టెంటు తగిలేంత రద్దీ. పక్కన వాగు పారుతూ, ఎదురుగా పచ్చికబయలు ఉండే చోట్లు జాతీయ అడవుల్లో దొరుకుతాయని ఒక మిత్రుడు చెప్పారు.

మా అత్తయ్యగారు రాజమహేంద్రవరం నుంచి వస్తున్నారు. ఆవిడకు 67 ఏళ్ళు. మారేడుమిల్లి వైపు వాగుల ఒడ్డున ఎన్నో వనభోజనాలు చేసిన మనిషి. ఫోనులో ఈ సంగతి చెప్పగానే, "నన్నూ తీసుకెళ్ళు, ఆ వాగు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాను" అన్నారు. అందుకే ఈ ప్రయాణం బాగా జరగాలని నా తపన.

ఎక్కడికి వెళ్ళాలి? ఏ నెల మంచిది? ఇంతమందికి వంట, నీళ్ళు ఎలా? వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పండి.

సియెర్రా బాటసారి | ఏప్రిల్ 6

మంచి ఆలోచన అమ్మా. నేను ఇరవై ఏళ్ళుగా ఇక్కడి సియెర్రా నెవాడా కొండల్లో తిరుగుతున్నాను, తెలిసినంత చెబుతాను.

ముందు ఒక తేడా గుర్తుంచుకోండి. జాతీయ పార్కు వేరు, జాతీయ అడవి వేరు. పార్కులను చూసేది అంతరంగిక వ్యవహారాల శాఖ. అడవులను చూసేది వ్యవసాయ శాఖ కింద 1905లో ఏర్పడిన అటవీ సేవా సంస్థ. పార్కు ఉన్నది కాపాడడానికి, చూపించడానికి. జాతీయ అడవిలో కలప కొడతారు, పశువులను మేపుతారు, నీటిని కాపాడతారు, మనలాంటివాళ్ళను మకాం పెట్టుకోనిస్తారు. అందుకే అక్కడ స్వేచ్ఛ ఎక్కువ, సౌకర్యాలు తక్కువ. చాలా క్యాంపుల్లో కుళాయి కూడా ఉండదు.

మీకు దగ్గరలో నాకు నచ్చిన చోటు బిగ్ మెడోస్. సెకోయా జాతీయ అడవిలో, 2000లో ప్రకటించిన జెయింట్ సెకోయా జాతీయ స్మారక ప్రాంతంలో ఉంది. ఫ్రెస్నో నుంచి 180వ నంబరు రహదారి ఎక్కి, కింగ్స్ కాన్యన్ పార్కు ప్రవేశద్వారం దాటి, జనరల్స్ హైవే మీద కొంత దూరం వెళ్ళాక ఎడమకు తిరగాలి. పార్కు గుండా వెళ్తారు కాబట్టి పార్కు రుసుము కట్టాల్సిందే. ఎత్తు సుమారు 7,600 అడుగులు. వాగు వెంబడే క్యాంపు పరుచుకుని ఉంటుంది. చెట్ల మధ్య గ్రానైట్ బండలు, వాటిని ఒరుసుకుంటూ నీళ్ళు, ఆవల పచ్చికబయలు. మీరు అడిగిన బొమ్మ అచ్చంగా అదే.

అందరూ ఒకే చోట, ఒకే బుకింగ్ మీద ఉండాలంటే హ్యూమ్ సరస్సు దగ్గర లాగర్ ఫ్లాట్, ఆస్పెన్ హాలో అనే గుంపు క్యాంపులు ఉన్నాయి. గుంపు క్యాంపులకు ఏడాది ముందునుంచే బుకింగ్ తెరుస్తారు, జూలై శనివారాలు ఈపాటికి అయిపోయి ఉంటాయి. బిగ్ మెడోస్‌లో పక్కపక్కన నాలుగైదు సైట్లు, అంటే టెంట్లు వేసుకునే చోట్లు, చూసుకోవడం మీకు తేలిక. సాధారణంగా ఒక సైటుకు ఆరుగురు, మీకు ఐదు సైట్లు కావాలి. ఈ ఏడాది బుకింగ్ పద్ధతి ఏమిటో డన్‌లాప్‌లోని హ్యూమ్ లేక్ రేంజర్ కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి. 180 రహదారి మీదే ఉంటుంది, వెళ్ళేటప్పుడు ఆగి మాట్లాడవచ్చు కూడా.

పెట్రోలు ఫ్రెస్నోలోనే నింపుకోండి. పార్కు లోపల ఎక్కడా బంకు లేదు.

కొత్తబాట | ఏప్రిల్ 7

ఇంత తతంగం ఎందుకండి? జాతీయ అడవిలో క్యాంపు మైదానాలు కాని చోట కూడా టెంటు వేసుకోవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, చాలా అడవుల్లో 14 రోజుల దాకా ఉండనిస్తారు. రెండేళ్ళ క్రితం మేము నాలుగు కుటుంబాలం మట్టిరోడ్డు వెంట వెళ్ళి ఒక పచ్చికబయలు నడిమధ్యలో ఐదు టెంట్లు వేశాం. మెత్తటి పరుపు మీద పడుకున్నట్టు ఉంది. వాగు పది అడుగుల దూరంలో. ఫోటోలు చూసినవాళ్ళంతా ఎక్కడని అడిగారు. గోదారిగట్టు గారూ, మీరూ అలాగే చేయండి.

పోపులపెట్టె | ఏప్రిల్ 7

వంట సంగతి నేను చెబుతాను. అంత ఎత్తులో నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగవు, 92 దగ్గరే మరుగుతాయి. చూడడానికి తెర్లుతూనే ఉంటాయి గానీ పప్పు ఉడకదు. మొదటిసారి వెళ్ళినప్పుడు గిన్నెలో కందిపప్పు పెట్టి గంటన్నర నిలబడ్డాను. నీళ్ళు పోస్తూనే ఉన్నాను, గ్యాసు అయిపోతూనే ఉంది, పప్పు మాత్రం పంటి కింద రాయిలా ఉంది. పిల్లలు ఏడుస్తూ రొట్టె తిని పడుకున్నారు. అప్పటినుంచి కుక్కర్ లేకుండా కొండ ఎక్కలేదు. కుక్కర్‌లో కూడా ఇంట్లో కంటే రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. పప్పు ముందే నానబెట్టండి. రెండు పెద్ద కుక్కర్లు, రెండు గ్యాస్ పొయ్యిలు ఉంటే 26 మందికి సరిపోతాయి. గాస్కెట్ అదనంగా ఒకటి పెట్టుకోండి, అడవిలో అది తెగితే దిక్కు లేదు.

మొదటి రాత్రికి వండవద్దు. పులిహోర, పెరుగన్నం ఇంట్లోనే కలిపి తీసుకెళ్ళండి. టెంట్లు వేసేసరికి చీకటి పడుతుంది, అందరికీ ఆకలి. పొద్దున ఉప్మా. రెండోరోజు మధ్యాహ్నం చపాతీలు, బంగాళాదుంప కూర. రాత్రికి ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, అప్పడాలు. చలిలో వేడి ముద్దపప్పు అన్నం కంటే ఏదీ రుచించదు.

ఇంకో మాట. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. మన కుక్కర్ విజిల్ ఆ లోయలో మైలు దూరం వినిపిస్తుంది. ఉదయం ఆరున్నర దాటాకే పెట్టండి.

ఆకుపచ్చ | ఏప్రిల్ 8

కొత్తబాట గారూ, మీతో పోట్లాడడానికి రాలేదు, కానీ మీరు చెప్పింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఎనిమిదేళ్ళుగా వేసవి సెలవుల్లో పచ్చికబయళ్ళను బాగుచేసే పనికి స్వచ్ఛందంగా వెళ్తున్నాను. ఆ నేల ఏమిటో దయచేసి వినండి.

దూరం నుంచి చూస్తే మైదానంలా కనిపిస్తుంది. దగ్గరకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. అది మన ఊరి పచ్చిక కాదు. ఎక్కువ భాగం తుంగ జాతి గడ్డి. పోచను వేళ్ళ మధ్య పట్టి తిప్పితే మూడు అంచులు తగులుతాయి. చెరువుగట్టున పెరిగే మన తుంగ కూడా అంతే. దాని వేళ్ళు తాడు పేనినట్టు ఒకదానిలో ఒకటి అల్లుకుని, వాగు గట్టును పట్టి నిలబెడతాయి. జూన్‌లో అరికాలు ఆనించి నొక్కితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఊరి వస్తాయి. అది నీళ్ళు పట్టి ఉంచిన స్పంజి. శీతాకాలపు మంచు నీటిని లోపల దాచుకుని, వానలు బాగా తక్కువైన ఆగస్టు, సెప్టెంబరుల్లో కొద్దికొద్దిగా వాగులోకి వదులుతుంది. ఈ కొండల నీరే కింగ్స్ నదిలో కలిసి ఫ్రెస్నో చుట్టుపక్కల ద్రాక్షతోటలకు, బాదం తోటలకు పారుతోంది.

అలాంటి తడి నేల మీద ఐదు టెంట్లు వేసి, ఇరవై మంది రెండురోజులు తిరిగితే మట్టిలోని గాలి సందులు మూసుకుపోతాయి. గడ్డి పచ్చగానే ఉందనిపిస్తుంది. పై ఏడాది అక్కడ మొలవదు. మేం పనిచేసిన ఒకచోట టెంటు వేసిన గుర్తు, నాలుగు మూలలతో సహా, మూడో వేసవికి కూడా కనబడింది. కాలిబాట పడితే అది వాననీటికి కాలువ అవుతుంది. కాలువ లోతు పెరిగితే భూగర్భజలం దిగిపోతుంది, తుంగ ఎండిపోతుంది, పైన్ మొక్కలు చొరబడతాయి. 19వ శతాబ్దం రెండో సగంలో లక్షల గొర్రెలను ఈ కొండల మీద మేపినప్పుడు చాలా బయళ్ళకు జరిగింది ఇదే. ఈనాటికీ ఆ కోతలు పూడుస్తున్నాం.

యోసెమిటీ గోదురుకప్ప అనే జీవి సియెర్రాలోని ఇలాంటి తడి బయళ్ళలోనే, మంచు కరిగిన నీటి మడుగుల్లో గుడ్లు పెడుతుంది. అంగుళం లోతు నీరు చాలు దానికి. 2014లో దాన్ని ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. అంగుళం లోతు నీళ్ళున్న గుంట మనకు బురదలా కనిపిస్తుంది, దాని మీద తొక్కుకుంటూ పోతాం.

అందుకని గోదారిగట్టు గారూ, పచ్చికబయలును కళ్ళతో అనుభవించండి, దాని మీద కాపురం పెట్టవద్దు. అంచున చెట్ల కింద ఇసుక, పైన్ ఆకులు రాలిన గట్టి నేల, గ్రానైట్ బండ: ఇవి మన బరువు మోస్తాయి. నీటికి 200 అడుగుల దూరం, అంటే పెద్దవాళ్ళ అడుగులు 70, 80 ఉండాలి. క్యాంపు మైదానంలో అయితే సైట్లు ముందే నిర్ణయించి ఉంటాయి కాబట్టి ఆ గీత దాటకుండా ఉంటే చాలు.

డెన్వర్ దేవకి | ఏప్రిల్ 8

ఆకుపచ్చ గారు నేల కోసం చెప్పారు. నేను మన ఒంటి కోసం చెబుతాను. నీరు పల్లమెరుగు అంటారు కదా, చలి కూడా పల్లమెరుగును. సూర్యుడు దిగగానే కొండవాలు మీది గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్ళలాగే కిందికి జారి పచ్చికబయలులో నిండుతుంది. కొలరాడోలో ఒక జూలై రాత్రి బయలు అంచున టెంటు వేసి పడుకున్నాం. తెల్లవారుజామున 31 డిగ్రీల ఫారెన్‌హీట్. టెంటు లోపలి గుడ్డ మీద మా ఊపిరే మంచుపొడిగా పేరుకుని, జిప్పు తీస్తే ముఖం మీద రాలింది. మాకంటే అరవై అడుగుల ఎత్తున, కొండవాలు మీది చెట్ల మధ్య పడుకున్న మా తమ్ముడివాళ్ళు దుప్పటి తోసేసి నిద్రపోయారు.

అత్తయ్యగారికి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పనికివచ్చే నిద్రసంచి, కింద మందపాటి పరుపు, తలకు ఉన్నిటోపీ తప్పనిసరి. పైన ఎంత కప్పినా కింద నేల చలి లాగేస్తుంది. ఆవిడ బీపీ మాత్రలు వాడుతుంటే, 7,600 అడుగుల ఎత్తుకు వెళ్తున్నామని ముందే డాక్టరుకు చెప్పండి. మొదటిరోజు నడకలు పెట్టుకోవద్దు, నీళ్ళు ఎక్కువ తాగించండి.

నెల సంగతి. మంచు కరిగే జూన్, జూలై మొదట్లో పూలు అద్భుతంగా ఉంటాయి, దోమలు కూడా అంతే. వాగు ఉరకలు వేస్తుంటుంది. పగలు ఎండకు కరిగిన మంచునీరు వాగు మొదలుకు దగ్గరైతే సాయంత్రానికి, దూరమైతే అర్ధరాత్రికి చేరుతుంది. పొద్దున్న మడమలోతున దాటిన చోట రాత్రికి మోకాళ్ళు దాటవచ్చు. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఆగస్టు చివరివారం నయం. దోమలు పోతాయి, వాగు నెమ్మదిస్తుంది.

లిటిల్‌రాక్ నివాసి | ఏప్రిల్ 9

వాగు మాట వచ్చింది కాబట్టి రాయక తప్పడం లేదు. మా ఆర్కాన్సా రాష్ట్రంలో వాషిటా జాతీయ అడవిలో ఆల్బర్ట్ పైక్ అనే క్యాంపు ఉండేది. లిటిల్ మిజూరీ నది ఒడ్డున, లోయలో, ఎంతో అందమైన చోటు. 2010 జూన్ 11న తెల్లవారుజామున ఎగువన కురిసిన వానకు ఆ నది కొద్ది గంటల్లోనే మూడడుగుల నుంచి 23 అడుగులకు పైగా లేచింది. టెంట్లలో, బళ్ళలో నిద్రపోతున్న కుటుంబాల మీద పడింది. ఇరవైమంది పోయారు, వాళ్ళలో పిల్లలు కూడా ఉన్నారు. ఆ లోయలో ఫోన్లు పనిచేయవు, హెచ్చరిక వాళ్ళకు చేరనేలేదు.

ఏ వాగు పక్కన పడుకున్నా, పడుకునేముందు పిల్లలకు కూడా చూపించండి: నీళ్ళు వస్తే ఎటు ఎక్కాలి. కారు కోసం పరుగెత్తకూడదు, గట్టు ఎక్కాలి. మాకు ఇప్పుడు ఇది అలవాటైపోయింది, పళ్ళు తోముకోవడంలాగ.

కొత్తబాట | ఏప్రిల్ 9

ఆకుపచ్చ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ గుర్తులు మూడేళ్ళు ఉంటాయని నాకు నిజంగా తెలియదు. మేము మళ్ళీ వెళ్ళలేదు కాబట్టి చూడలేదు. తప్పు చేశాం.

కానీ ఒక మాట మీద నిలబడతాను. క్యాంపు మైదానాల్లో చోటు దొరకడం మామూలు జీతగాళ్ళకు, చివరి నిమిషంలో సెలవు దొరికేవాళ్ళకు అసాధ్యమైపోతోంది. బయట టెంటు వేసుకోవడం చెడ్డపని అన్నట్టు మాట్లాడవద్దు. ఎలా వేసుకోవాలో చెప్పండి.

సియెర్రా బాటసారి | ఏప్రిల్ 9

న్యాయమైన మాట. చెబుతాను. ఇంతకుముందు ఎవరో మకాం పెట్టి గట్టిపడిన చోటే వెతకండి, కొత్త చోటు చేయవద్దు. బయట పొయ్యి వెలిగించాలంటే, అది గ్యాస్ పొయ్యి అయినా సరే, కాలిఫోర్నియాలో అనుమతిపత్రం ఉండాలి. ఉచితం, ఇంటర్నెట్‌లో కొన్ని నిమిషాల పని, ఆ ఏడాది డిసెంబరు 31 దాకా చెల్లుతుంది. నిప్పు మీద ఆంక్షలు పెట్టిన రోజుల్లో కట్టెల మంట పూర్తిగా నిషేధం. మరుగుదొడ్డి ఉండదు కాబట్టి చిన్న పార తీసుకెళ్ళి, నీటికి 200 అడుగుల దూరంలో, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తవ్వి పూడ్చాలి. నలుగురైతే ఇదంతా జరుగుతుంది. ఇరవై ఆరుగురు రెండురోజులుంటే ఎన్ని గుంటలు అవుతాయో లెక్కవేయండి. పెద్ద గుంపుకు మరుగుదొడ్డి ఉన్న క్యాంపు మైదానమే మర్యాద అని నేను అనేది అందుకే.

డల్లాస్ చిన్నోడు | ఏప్రిల్ 10

మధ్యలో ఒక ప్రశ్న. మా సంఘం తరఫున 80 మంది జాతీయ అడవిలో ఒకరోజు వనభోజనాలు పెట్టుకుందాం అనుకుంటున్నాం. ప్రత్యేక అనుమతి కావాలా?

సియెర్రా బాటసారి | ఏప్రిల్ 10

కావాలి. 75 మంది, అంతకు మించితే గుంపు అనుమతి తీసుకోవాలి. రుసుము లేదు, కనీసం 72 గంటల ముందు దరఖాస్తు ఇవ్వాలి. కానీ 72 గంటలదాకా ఆగవద్దు, నెలముందే రేంజరుతో మాట్లాడండి. ఏ చోటు అంతమందిని మోస్తుందో వాళ్ళే చెబుతారు.

సాక్రమెంటో శారద | ఏప్రిల్ 11

ఎలుగుబంటి మాట ఎవరూ ఎత్తలేదేమి? కాలిఫోర్నియా జెండా మీద ఉన్న గ్రిజ్లీ ఇక్కడ అంతరించి వందేళ్ళవుతోంది. ఇప్పుడున్నవి నల్ల ఎలుగులు. మనుషుల మీదికి రావడం బహు అరుదు, తిండి కోసం మాత్రం దేన్నయినా చీలుస్తాయి. మాతో వచ్చిన ఒక కుటుంబం తిండి సామానంతా క్యాంపు సైటులో ఉండే ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసింది, పసిబిడ్డ కారు సీటును మరిచిపోయింది. దాని మడతల్లో బిస్కెట్ పొడి. తెల్లారి చూస్తే వెనక తలుపు పైఅంచు, డబ్బా మూత వంచినట్టు బయటికి వంగి ఉంది.

పోపు వాసన, నెయ్యి, ఆవకాయ జాడీ, టూత్‌పేస్టు, కొబ్బరినూనె సీసా, పిల్లల డైపర్లు: వాసన ఉన్నది ఏదైనా ఇనుపపెట్టెలోకి వెళ్ళాలి. 26 మంది సామానుకు ఒక పెట్టె చాలదు. మీ సైట్లలో ఎన్ని పెట్టెలున్నాయో ముందే అడగండి. మన తిండి మరిగిన ఎలుగును చివరికి చంపేయాల్సి వస్తుంది. అదే నాకు భరించరాని సంగతి.

పోపులపెట్టె | ఏప్రిల్ 11

నీళ్ళ లెక్క అడిగారు కదా. అక్కడ కుళాయి లేదు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు గాలను చొప్పున 26 మందికి మూడురోజులకు 78 గాలన్లు. ఏడు గాలన్ల డబ్బాలు కారుకు రెండు చొప్పున, ఏడు కార్లలో 14 పెట్టుకుంటే 98 గాలన్లు వస్తాయి. నిండు డబ్బా ఒక్కోటి దాదాపు 58 పౌండ్లు, దింపేవాళ్ళు నడుం చూసుకోండి.

వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా అలాగే తాగవద్దు. ఎగువన పశువులు మేస్తుంటాయి, జియార్డియా అనే క్రిమి కడుపును వారాలపాటు పీడిస్తుంది. 6,500 అడుగులు దాటిన ఎత్తులో మూడు నిమిషాలపాటు తెర్లనివ్వాలి.

గిన్నెలు వాగులో కడగవద్దు. చెట్టునుంచి తీసిన సబ్బు అని డబ్బా మీద రాసి ఉన్నా సరే, నీటిలో కలపకూడదు. తొట్టెలో కడిగి, పలచటి గుడ్డతో వడగట్టి, మెతుకులు, కరివేపాకు చెత్తసంచిలో వేసి, నీళ్ళు దూరంగా చల్లాలి. ఆ వడగట్టే పని ఎవరిదో ముందే పేరు పెట్టి చెప్పండి. లేకపోతే గుంపులో గోవిందా.

సియెర్రా బాటసారి | ఏప్రిల్ 12

చివరిగా నిప్పు. 2020 సెప్టెంబరు 5న సియెర్రా జాతీయ అడవిలో క్రీక్ ఫైర్ అనే కార్చిచ్చుకు దారి మూసుకుపోయి, మామత్ పూల్ జలాశయం దగ్గర క్యాంపులో ఉన్న 200 మందికి పైగా జనాన్ని సైనిక హెలికాప్టర్లు రాత్రి పొగలోంచి ఎత్తుకొచ్చాయి. 2021 ఆగస్టు 31 నుంచి రెండువారాలు కాలిఫోర్నియాలోని జాతీయ అడవులను దాదాపు అన్నిటినీ మూసేశారు. కాబట్టి ఆగస్టు చివర పెట్టుకుంటే ప్రయాణం రద్దయినా ఏడవకుండా మరో ఏర్పాటు మనసులో ఉంచుకోండి. కార్లు బయటికి మొహం పెట్టి నిలపండి. ఇంటినుంచి కట్టెలు తీసుకెళ్ళవద్దు, వాటితోపాటు చెట్లను తినే పురుగులు ప్రయాణిస్తాయి, అక్కడే కొనండి. మంట ఆర్పాక నీళ్ళు పోసి, కలిపి, అరచేయి ఆనించి చూడండి. చేయి పెట్టలేకపోతే ఇంకా ఆరలేదన్నమాట.

గోదారిగట్టు | ఆగస్టు 27

అందరికీ నమస్కారం. వెళ్ళివచ్చాం! గురువారం నుంచి శనివారం దాకా బిగ్ మెడోస్‌లో ఐదు సైట్లు. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసి, పనులు కుటుంబాల వారీగా పంచాను. గిన్నెల నీళ్ళు వడగట్టడం మా ఆయన, ఇనుపపెట్టెల తాళాలు పదకొండేళ్ళ మా అబ్బాయి. వాడు రాత్రి టార్చి పట్టుకుని అందరి కార్లలో వెతికి, ఒకరి చేతిసంచిలో మింట్ బిళ్ళల పొట్లం పట్టుకున్నాడు.

దేవకి గారి మాట నిజమా అని పిల్లలు రెండు థర్మామీటర్లు పెట్టారు. ఒకటి బయలు అంచున కొయ్యకు కట్టారు, ఒకటి మా టెంట్ల దగ్గర. శుక్రవారం పొద్దున ఐదున్నరకు కింద 34, పైన 43 డిగ్రీల ఫారెన్‌హీట్. బయలంతా తెల్లగా, ఉప్పు చల్లినట్టు ఉంది. ఎండ పడ్డచోటల్లా ఆ తెలుపు వెనక్కి తగ్గుతుంటే, పచ్చదనం అంచు మా వైపు నడిచి వస్తున్నట్టు అనిపించింది. పిల్లలెవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

శుక్రవారం పెద్ద పిల్లలు బక్ రాక్ గుట్ట మీది అగ్ని కావలి గుడిసె ఎక్కారు. ఇనుప మెట్లు 172. పైన ఎత్తు 8,500 అడుగులు. అక్కడి కావలి మనిషి వాళ్ళకు దిక్కులు కొలిచే పరికరం చూపించి, పొగ కనిపిస్తే ఎలా చెబుతారో వివరించారట.

మధ్యాహ్నం రెండింటికి మబ్బు కమ్మింది. అరగంట వడగళ్ళు. అందరం తాడుకు కట్టిన పరదా కింద చేరాం. అత్తయ్యగారు మాత్రం వాగు వైపు చెవి పెట్టి, "నీళ్ళ గొంతు మారింది, పిల్లలను పైకి పిలు" అన్నారు. నాకేమీ తేడా వినిపించలేదు. అయినా పిలిచాను. పావుగంటలో నీళ్ళు టీ రంగుకు తిరిగాయి, పొద్దున పిల్లలు కూర్చున్న చదునుబండ మీదుగా పారాయి. జానెడు పెరిగింది, అంతే, గంటన్నరకు తీసింది. కానీ ఆ బండ మీద ఆ సమయానికి మా రెండేళ్ళ పాప ఉండి ఉంటే అనే ఆలోచన నన్ను ఇంకా వదలడం లేదు. లిటిల్‌రాక్ గారూ, ఆ రోజు మీరు రాసినందుకు మీకు రుణపడి ఉంటాను.

మర్నాడు ఎండ వచ్చాక అత్తయ్యగారు ఆ బండ మీదే కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నారు. మంచులా ఉన్నాయని రెండు నిమిషాలకు తీసి, చీరకొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టారు. అలా గంటసేపు. ఒడ్డున ఒక పోచ తెంపి వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ఇది మన తుంగే" అన్నారు. నేను ఆకుపచ్చ గారి సంగతి ఆవిడకు చెప్పనేలేదు.

కొత్తబాట | ఆగస్టు 28

చదువుతుంటే వెంటనే వెళ్ళాలనిపిస్తోంది. మాకు సెప్టెంబరు మూడోవారం సెలవు దొరికింది, మూడు కుటుంబాలం, ఈసారి క్యాంపు మైదానంలోనే. మీ టెంట్లు సరిగ్గా ఎక్కడ వేశారు? గుర్తు చెప్పగలరా?

గోదారిగట్టు | ఆగస్టు 28

తప్పకుండా. రోడ్డు మీదనుంచి చూస్తే వాగు ఒక వంపు తిరిగేచోట రెండు పెద్ద గ్రానైట్ బండలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటి వెనక నాలుగు మెట్లంత ఎత్తులో ఇసుకనేల, పైన్ చెట్ల నీడ. పొద్దున ఎండ త్వరగా పడుతుంది, మరుగుదొడ్డి వంద అడుగుల దూరం. రాత్రికి ఉన్నిబట్టలు మేము తీసుకెళ్ళినదానికి రెట్టింపు పెట్టుకోండి, సెప్టెంబరులో ఇంకా చల్లగా ఉంటుంది.

మీతో ఒక పని ఉంది. పరదా కట్టిన నీలం తాడు ఒకటి ఆ బండల పక్క చెట్టుకు వదిలేసి వచ్చాం, ఇంటికొచ్చి సామాను లెక్కపెడితే తెలిసింది. బెరడు కోసుకుపోతుందేమోనని బెంగగా ఉంది. దయచేసి విప్పి తీసుకురండి. వానకు ముడి బిగుసుకుని ఉంటుంది, చిన్న చాకు దగ్గర ఉంచుకోండి.